నల్లబల్లపై మరుగుపడు అక్షరము

గొలుగొండ ప్రాంతపు కొండ అడవులలో ఎండయు నీడయు కలిసిన చెట్లనడుమ నిలిచిన మచ్చలదుప్పిని చూపు వెంటనే పట్టజాలదు. అదే దుప్పి దున్నిన చేనిలోనికి వచ్చినచో పసివాడైనను వ్రేలు చాచి చూపును. దుప్పి మారలేదు; దాని పరిసరము మారినది. కన్ను దేనినైనను ఒంటరిగా కొలువదు, చుట్టునున్నదానితో పోల్చి కొలుచును.

ఈ పోలికకు ఒక లెక్క కలదు. సుద్దగీత వెలుగు 70 పాళ్లు, బల్ల వెలుగు 10 పాళ్లు అనుకొందము. భేదము 60, మొత్తము 80. మొదటిదానిని రెండవదానిచే భాగింపగా 0.75 వచ్చును. బల్ల వెలిసి 30కి చేరి, గీత 50కి తగ్గినచో ఆ నిష్పత్తి 0.25 మాత్రమే.

నిష్పత్తి ఒక్కటే చాలదు. మన చూపులో సన్నని చారలకును వెడల్పు చారలకును వేర్వేరు మార్గములున్నవని 1968లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కాంప్‌బెల్, రాబ్సన్ సూచించిరి. ఒకే మార్గమున పోవు రెండు రూపములలో బలమైనది బలహీనమైనదానిని కప్పివేయును. కనుకనే సగము తుడిచిన బల్లపై నిన్నటి అక్షరముల జాడలు నేటి అక్షరములకు శత్రువులగును. తడిగుడ్డ విడిచిన వెడల్పాటి మరక అంత చెరుపు చేయదు.

దీనికి 1992లో హీగర్ ఒక గణితరూపము నిచ్చెను. మెదడులోని ప్రతి కణపు స్పందనను ఇరుగుపొరుగు కణముల మొత్తము బలముచే భాగింపవలెనని దాని సారాంశము. కణపు సొంతబలము 100, భాగహారమున చేరు స్థిరాంకము 100 అనుకొన్నచో, 100ను 200చే భాగింపగా సగము. పొరుగుబలము మరియొక 300 తోడైనచో, 100ను 500చే భాగింపగా ఐదవ వంతే. గీత తగ్గలేదు, గుంపులో దాని గొంతు తగ్గినది.

తెల్లని పలకపై నల్లని అక్షరములను తుదివరుస వరకు చదివినవారు కూడ మసకవెలుతురులో మెట్టును గుర్తింపలేకపోవచ్చును. అందుకే 1988లో పెల్లి, రాబ్సన్ మరియొక పలకను రూపొందించిరి. అందు అక్షరముల పరిమాణము మారదు. నలుపు మాత్రము క్రమముగా వెలవెలబోవును.

ఉపాధ్యాయులకు ఇందొక హితవు కలదు. వెనుకవరుస బాలుడు “కనబడుటలేదండీ” అన్నచో సోమరియని గద్దింపరాదు. బల్లను పూర్తిగా తుడిచి, లావుగా వ్రాసి, ముందువరుసకు పిలిచి చూడవలెను. తరచుగా అదే మాట అనుచున్నచో కంటివైద్యునికి చూపింపవలెను. తప్పు బల్లదో కంటిదో తేలకముందే బాలునిపై మోపుట న్యాయము కాదు.