ఫైర్ సిబ్బందికి 5జీ ఫోన్ చాలదా? నెల్లూరు తీరానికి ఎలాంటి రేడియో కావాలో చూద్దాం

మన జేబులో ఉన్న పదిహేను వేల ఫోన్‌లో 5జీ ఉంటుంది, జీపీఎస్ ఉంటుంది, వీడియో కాల్ ఉంటుంది. మరి మంటల్లోకి వెళ్లే ఫైర్‌మన్ చేతిలో ఇంకా గరగరలాడే వాకీటాకీ ఎందుకు? దాని బదులు ఒక మంచి రగ్గ్‌డ్ ఫోన్ ఇచ్చేస్తే సరిపోదా? గ్యాడ్జెట్లు ఇష్టపడే ఎవరికైనా వచ్చే డౌటే ఇది. దీనికి జవాబు వెతకడానికి నెల్లూరు తీరం కన్నా మంచి టెస్ట్ బెంచ్ నాకు కనిపించలేదు.

ఫోన్ ఎక్కడ చేతులెత్తేస్తుంది?

1989 నవంబర్‌లో 'గే' తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు మొబైల్ నెట్‌వర్క్‌లూ కుప్పకూలాయి. 2021 నవంబర్ వరదల్లో పెన్నా నీళ్లు కోవూరు దగ్గర హైవేని, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలని దెబ్బతీశాయి.

మొబైల్ టవర్ ఒంటరిగా పని చేయదు. దానికి కరెంటు కావాలి, వెనకాల ఫైబర్ కావాలి. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది. ఆ తర్వాత జనరేటర్, దానికి డీజిల్. రోడ్డు తెగితే ఆ డీజిల్ ఎవరు తెస్తారు? టవర్ బతికే ఉన్నా, ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంటే ఫైర్ ఆఫీసర్ కాల్ కూడా అదే క్యూలో నిలబడాలి.

ఇంకో తేడా కూడా ఉంది. ఫోన్ కాల్ ఇద్దరి మధ్య జరుగుతుంది. వాకీటాకీలో బటన్ నొక్కి 'పైకప్పు కూలుతోంది, బయటకి రండి' అంటే ఆ చానల్‌లో ఉన్న అందరికీ ఒకేసారి వినబడుతుంది. డయలింగ్ లేదు, రింగింగ్ లేదు.

ఎత్తే అసలు స్పెక్

వాకీటాకీ రెండు రకాలుగా పని చేస్తుంది. సింప్లెక్స్ మోడ్‌లో సెట్ నుంచి సెట్‌కి నేరుగా మాట వెళ్తుంది, మధ్యలో ఏమీ అక్కర్లేదు. రిపీటర్ మోడ్‌లో టవర్ మీదున్న రిపీటర్ మన మాటను అందుకుని ఎక్కువ పవర్‌తో మళ్లీ పంపుతుంది.

రేంజ్‌కి ఒక చిన్న లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో హొరైజన్ ఎంత దూరమో కిలోమీటర్లలో వస్తుంది. మనిషి చేతిలోని సెట్‌కి (1.5 మీటర్లు) ఇది సుమారు 5 కి.మీ. 50 మీటర్ల టవర్‌కి 29 కి.మీ. రెండూ కలిపితే 34. అంటే నెల్లూరులో ఒక ఎత్తైన రిపీటర్ ఉంటే కృష్ణపట్నం రేవు లెక్కలోపలే ఉంటుంది. కావలి మాత్రం అందదు, అక్కడ ఇంకో రిపీటర్ పెట్టాల్సిందే.

ఇదంతా అడ్డు లేని చోట లెక్క. కాంక్రీటు గోదాములోనో, మెటల్ షెడ్డులోనో ఉంటే సిగ్నల్ బాగా పడిపోతుంది. వెలికొండలు పడమర వైపున్నాయి, తీరమంతా చదునే. కొండెక్కి రిపీటర్ పెట్టే సౌకర్యం ఇక్కడ లేదు కాబట్టి టవర్లే దిక్కు. తుఫాను గాలికి ఆ టవర్ నిలబడాలి కూడా.

డిజిటల్ అంటే అన్నిట్లో బెటరా?

డిజిటల్‌కి మారితే లాభాలు నిజంగానే ఉన్నాయి. డీఎంఆర్‌లో 12.5 కిలోహెర్ట్జ్ చానల్‌లో రెండు సంభాషణలు నడుస్తాయి. టెట్రాలో 25 కిలోహెర్ట్జ్‌లో నాలుగు. ఎవరు మాట్లాడుతున్నారో ఐడీ కనిపిస్తుంది, జీపీఎస్ లొకేషన్ వెళ్తుంది, ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది.

కానీ నిప్పు దగ్గర రెండు చిక్కులున్నాయి. మొదటిది: అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరుగుతుంది, అయినా మాట సగమైనా అర్థమవుతుంది. డిజిటల్‌లో చివరిదాకా క్లియర్‌గా వినిపించి, ఒక్కసారిగా మాయమవుతుంది. గరగర వినగానే 'నేను దూరం వచ్చేశాను' అని ఫైర్‌మన్‌కి తెలుస్తుంది. డిజిటల్‌లో ఆ హెచ్చరిక ఉండదు.

రెండోది వోకోడర్. మనిషి గొంతును కొద్దిపాటి బిట్లలోకి కుదించే సాఫ్ట్‌వేర్ ఇది. పక్కనే పంపు మోత, రంపం చప్పుడు, అలారం ఉంటే ఏది గొంతో ఏది రొదో తేల్చుకోలేక తికమకపడుతుంది. 2008లో అమెరికాలో చేసిన పరీక్షల్లో ఇలాంటి రొదలో కొన్నిచోట్ల డిజిటల్ కన్నా అనలాగ్ మాటే బాగా అర్థమైంది. కొత్త సెట్లలో నాయిస్ క్యాన్సిలింగ్ మెరుగైంది. అయినా కొనేముందు డెమోని ఏసీ గదిలో కాదు, నడుస్తున్న ఫైర్ ఇంజిన్ పక్కన, మాస్క్ పెట్టుకుని చేయించాలి.

మిషన్ ఉంటే చాలదు

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ ట్విన్ టవర్స్‌లో ఫైర్ సిబ్బంది కోసమే ఒక రిపీటర్ ఉంది. దాన్ని పూర్తిగా ఆన్ చేయడానికి రెండు బటన్లు నొక్కాలి. రెండోది నొక్కకపోవడంతో అది పని చేయట్లేదనుకుని ఉత్తర టవర్‌లోని అధికారులు వేరే చానల్‌కి వెళ్లిపోయారు. ఆ రోజు 343 మంది ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. అన్ని మరణాలకీ రేడియోనే ప్రధాన కారణం కాదని విచారణ కమిషన్ తేల్చింది. కానీ పొగలో, కంగారులో చేతికి దొరికే ఒకే ఒక్క నాబ్ ఎందుకు కావాలో ఈ ఉదాహరణ చెబుతుంది.

మరి 4జీ, 5జీ ఎప్పుడూ వద్దా?

కావాలి. మొబైల్ నెట్‌వర్క్ మీద వాకీటాకీలా మాట్లాడే ఎంసీపీటీటీ ప్రమాణం 2016లోనే వచ్చింది. డ్రోన్ వీడియో, భవనం ప్లాన్, మ్యాప్ పంపాలంటే ఇదే దారి. అయితే బ్రిటన్ తన టెట్రా నెట్‌వర్క్‌ని 4జీతో మార్చేస్తానని 2015లో కాంట్రాక్టులిచ్చి, ఏళ్ల తరబడి వాయిదాలు వేస్తూనే వచ్చింది. అందుకే నా ఓటు హైబ్రిడ్‌కి: డేటాకి ఫోన్, ప్రాణానికి రేడియో.

నేనైతే టెండర్‌లో ఇవి అడుగుతాను

• రిపీటర్ లేకపోయినా సెట్‌కి సెట్ పలికే సింప్లెక్స్ చానల్, ఒక్క తిప్పుతో దొరికేలా.
• రిపీటర్‌కి సోలార్, బ్యాటరీ కలిపి కనీసం మూడు రోజుల బ్యాకప్. పరికరాలు వరద మట్టం కన్నా ఎత్తులో.
• ఐపీ67 లేదా అంతకన్నా మెరుగైన రక్షణ, గ్లవ్స్‌తో నొక్కగల పెద్ద బటన్లు. ఉప్పుగాలికి తుప్పు పట్టని కనెక్టర్లు.
• మండే ఆవిర్ల మధ్య నిప్పురవ్వ పుట్టించని సర్టిఫైడ్ సెట్లు. రేవులు, ఇంధన నిల్వలు ఉన్న చోట ఇది లగ్జరీ కాదు.
• పోలీసు, పోర్టు, ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లతో మాట్లాడుకునే ఉమ్మడి చానల్, నెలకోసారి దాని మీద డ్రిల్.

చివరగా మనకి సంబంధించిన మాట. ఆన్‌లైన్‌లో చవగ్గా వాకీటాకీలు కనిపిస్తుంటాయి. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడదగ్గవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లు. రూల్స్ పాటించని సెట్లు అమ్ముతున్నారని 2025లో వినియోగదారుల రక్షణ అథారిటీ ఈ-కామర్స్ సైట్లకు నోటీసులు కూడా ఇచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీలోనైనా ప్రసారం చేసే సెట్‌తో సరదాగా బటన్ నొక్కితే, ఆ క్షణంలో అదే చానల్‌లో సాయం కోసం పిలుస్తున్న మనిషి గొంతు మన మాట కింద నలిగిపోవచ్చు. రేడియో మీద నిజంగా ఆసక్తి ఉంటే హ్యామ్ లైసెన్స్ పరీక్ష రాయండి. ఫోన్లు మూగబోయిన రోజున మీరూ ఒక కబురు చేరవేయగలుగుతారు.