పేగుల దగ్గర పురుగు, గుండె మీద భారం

ఈశాన్య బ్రెజిల్‌లో నత్తలుండే మంచినీటి కాలువల్లో దిగినవాళ్ల చర్మాన్ని తొలుచుకుని షిస్టోసోమా మాన్సోనై పిల్లపురుగులు ఒంట్లోకి దూరతాయి. ఎదిగాక పేగుల సిరల్లో జంటలుగా ఏళ్ల తరబడి కాపురం పెడతాయి. షిస్టోసోమా ప్రజాతి పురుగును 1851లో కైరోలో బిల్హార్జ్ అనే జర్మన్ వైద్యుడు గుర్తించాడు కాబట్టి ఇవి తెచ్చే జబ్బుకు బిల్హార్జియా అనే పేరూ ఉంది. ఆడపురుగు రోజూ వందల్లో పెట్టే గుడ్లలో కొన్ని మలంతో పోతాయి, మరికొన్ని రక్తంతో కొట్టుకొచ్చి కాలేయంలో ఇరుక్కుంటాయి. వాటి చుట్టూ ఒళ్లు కట్టే గడ్డలు మచ్చలుగా గట్టిపడి రక్తానికి దారి మూస్తాయి. రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. ఆ దారుల వెంటే గుడ్లు ఊపిరితిత్తులకు చేరి చిన్న ధమనుల్లో చిక్కుకుంటాయి, వాపుతో ధమనుల గోడలు మందమై లోపల పీడనం పెరుగుతుంది. కాలేయ జబ్బు ముదిరినవారిలో నూటికి సుమారు 5గురికి ఈ పరిస్థితి వస్తుందని బ్రెజిల్ పరిశీలనల్లో తేలింది.

ఇక్కడ అందరి చూపూ పీడనం అంకె మీదే ఉంటుంది. ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం మామూలుగా 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది, 20 దాటితే జబ్బే. కానీ రోగి బతుకు తేల్చేది ఆ అంకె కాదు, గుండె కుడి జఠరిక. దాని గోడ మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లే; తక్కువ పీడనానికి అలవాటుపడ్డ కండరం అది. భారం పెరిగితే ముందు మందమవుతుంది, తర్వాత సాగుతుంది. ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్ పరీక్షలో, చూస్తే జఠరికల మధ్యగోడ ఎడమవైపు నొక్కుకుపోయి, గుండ్రంగా ఉండాల్సిన ఎడమ జఠరిక ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా కనిపిస్తుంది. పీడనమే మూలం కదా, దాన్ని కొలిస్తే చాలదా అనవచ్చు. చాలదు. జఠరిక అలిసిపోయి రక్తాన్ని తోయలేకపోతే పీడనం అంకె తగ్గుతుంది కూడా. కాగితం మీద అది మెరుగుదలలా ఉంటుంది, రోగికి మాత్రం కాళ్లు వాస్తాయి, మెడ సిరలు ఉబ్బుతాయి.

కారణం తెలియని ఊపిరితిత్తుల అధిక పీడనం ఉన్నవారికన్నా ఈ రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారని 2010లో సావో పావులో వైద్యులు ప్రచురించారు. అలాగైతే ఇది మెతక జబ్బే కదా అంటారు కొందరు. నేనలా అనుకోను. వీరిలో పీడనం కొంత తక్కువగా, గుండె పంపే రక్తం కొంత ఎక్కువగా ఉంది. అంటే జఠరిక ఇంకా తట్టుకుంటోంది. తట్టుకుంటున్నంతకాలం ఎవరూ దాన్ని పట్టించుకోకపోవడమే నా భయం. ప్రాజిక్వాంటెల్ చవకైన మందు, పురుగును చంపుతుంది. ముదిరి మందమైన ధమనిని మాత్రం మామూలు చేస్తుందని నమ్మలేం. పేదప్రాంతాల్లో అందరికీ ఎకో ఎక్కడ తీస్తామన్నది న్యాయమైన ప్రశ్నే. అందరికీ అక్కర్లేదు. బిల్హార్జియాతో కాలేయం చెడి ప్లీహం పెరిగిన మనిషికి ఆయాసం మొదలైతే, రక్తం తక్కువైందని ఐరన్ మాత్రలిచ్చి పంపేముందు ఒక్కసారి ఎకో తీయాలి. అనుమానం ఉంటే కుడి గుండెలోకి సన్నగొట్టం పంపి పీడనంతో పాటు గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోందో కూడా కొలవాలి.