లోయలోని విడిది

అరకులోయను జూడవలెనని మాయత్తగారు పలుమారు కోరుచుండిరి. ఆమెకు డెబ్బది యేండ్లు సమీపించినవి. మోకాళ్ళు సాగినప్పుడే కొనిపోవుట మంచిదని తలంచి, చీటిసొమ్ము చేతికందగనే 2025 మార్గశిరమున మేము మువ్వురము బయలుదేరితిమి. విశాఖపట్టణమునుండి రైలు అనంతగిరి కొండలనెక్కుచు, ఏబదికి మించిన సొరంగములను దూరి, బొర్రాగుహల మీదుగా పోవును. చీకటి వచ్చినప్పుడెల్ల అత్తగారు రామనామము జపించుచు, వెలుతురు రాగానే చిన్నపిల్లవలె నవ్వుచుండిరి. చేలనిండ వలిసెపూలు పసుపు ఆరబోసినట్లుండెను. ఈ ప్రయాణమున మాకు దక్కిన సుఖములో సగము రైలులోనే తీరినది.

మేము దిగిన విడిది పేరు చెప్పము. ప్రకటనచిత్రమున గదికిటికీనుండి లోయయంతయు కనబడుచుండెను. దినమునకు రూ.9,000, పన్ను నూటికి 18 చొప్పున మఱి రూ.1,620. రెండురాత్రులకు రూ.21,240 ముందే చెల్లించితిమి. తీరా తలుపు తెఱచి చూడగా కిటికీకెదురుగ వంటశాల వెనుకగోడయు, జనరేటరును కానవచ్చినవి. లోయవైపు గదులకు వెల వేఱట! కంబళ్ళు చెమ్మవాసన కొట్టుచుండెను. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. మార్గశిరపు చలి యెముకలు కొఱుకును. వేడినీళ్ళు మాత్రము ఉదయము రెండుగంటలసేపే వచ్చుననిరి.

ఇట్టి తావులకు పోదలచు సోదరీమణులు, గది యే దిక్కునకున్నదో, వృద్ధులకు రాత్రి యన్నము దొరకునో ముందే యడిగి వ్రాయించుకొనుట మేలు. 2025 సెప్టెంబరు 22 నుండి రూ.7,500 మించని గదికి పన్ను నూటికి అయిదే, మించినచో పదునెనిమిది. మేమీ లెక్క తరువాత తెలిసికొంటిమి.

ఆరాత్రి విందు ఏడువరుసలది, తలకు రూ.1,800. నల్లరాతిపలక నడుమ బొటనవ్రేలంత పనసముక్కయు, దానిపై నించుక నురుగును పెట్టిరి. అది చింతపండు నురుగట. పులుసు గాదు, చారు గాదు. నాలుకకు తగిలి మాయమైనది. తరువాత వచ్చినది మఱింత పెద్దపళ్ళెము, మఱింత చిన్నముక్క. అత్తగారు ప్రతివరుసకును “అన్నమిప్పుడు వచ్చునా?” యని మెల్లగా నడుగుచుండిరి. అయిదవవరుసకు మేమే యడిగితిమి. పట్టికలో అన్నము లేదట. పెరుగన్నమైనను కలిపి యిచ్చుటకు వంటశాల నియమ మొప్పదట. పలనాట జొన్నకూడే గతియైనదని శ్రీనాథుడు విసిగినట్లు చాటువులు వాడుకలో నున్నవి. మాగతి విపరీతము. చోళ్ళును సామలును పండు సీమకు పోయి, ఆ కూటికే నోచుకొనకపోతిమి.

కుమారుడు సొమ్ము పోసినాడుగదా యని కాబోలు, అత్తగారు “బాగానే యున్నది నాయనా, నాకు చాలును” అనిరి. నడిరేయి చప్పుడైనది. రైలునకు కట్టుకొన్న అటుకులు మూటలో మిగిలియుండెను. ఆమె చీకటిలో కూర్చుండి వానిని నమలుచుండిరి. మేము కన్నులు మూసికొనియే యుంటిమి.

ఉదయమున గదిలో కాఫీకని పొడిపొట్లములు, వేడినీళ్ళు పెట్టిరి. అవి యెచ్చటనో యంత్రశాలలో చేసిన పొడులు. కొండవాలున సిల్వర్‌ఓకు చెట్ల నీడను కాఫీమొక్కలు, ఆ చెట్లకే మిరియపుతీగెలు. ఇచ్చటి కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపును లభించినది. ఇంతయుండి మా గదికి పొట్లమే వచ్చినది! ఇక తాళలేక సంతకు నడచితిమి. గిరిజనస్త్రీలు రాజుమాగింజలు, అల్లము, పసుపు, మిరియములు రాసులు పోసియుండిరి. దారిప్రక్క పాకలో ఒకామె చోడిరొట్టె కాల్చి, చిక్కని కాఫీ కాచి యిచ్చినది. అత్తగారు రెండవరొట్టె యడిగి తినిరి. మువ్వురకు నూటయిరువది రూపాయలు.

విడిది వీడునాడు విందు చీటీ చేతికి వచ్చినది. రూ.5,400 మీద సేవారుసుమని నూటికి పదివంతున రూ.540 కలిపి, ఆ మొత్తముమీద మరల పన్ను వేసిరి. మావారు “పోనిమ్ము” అనిరి. పోనీయలేదు. అడుగకయే యీ రుసుమును చీటీలో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో నిర్దేశించినది; ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని సమర్థించినది. ఫిర్యాదునకు 1915 అను టెలిఫోను సంఖ్య గలదు. ఈ మాటలు చెప్పునప్పుడు మా గొంతు వణకిన మాట నిజము. గుమాస్తా లోనికిపోయి వచ్చి, పన్నుతోగూడ రూ.637.20 తగ్గించెను. గదికిటికీ మాట యెత్తగా మాత్రము నవ్వి యూరకుండెను.

ఆరాత్రి వడ్డించిన కుఱ్ఱవాడే మా సంచులను బండిలో పెట్టుచుండెను. సేవారుసుము మీకు చేరునా యని యడిగితిమి. నెలజీతమేగాని వేఱొకటి తానెఱుగననెను. అత్తగారు కొంగుముడి విప్పి వానిచేతిలో నూఱురూపాయలు పెట్టి, “మీయింట రాత్రికేమి వండుకొందురు?” అనిరి.

“చోడియంబలి, చిక్కుడుగింజల కూర” అని వాడు సిగ్గుపడుచు చెప్పెను.

“మాకును అదియే పెట్టవలసినది గదా నాయనా” అనుచు అత్తగారు బండియెక్కిరి.