తిండి మానినా మాత్ర ఆగదు

షుగరు మాత్ర వేసుకుని, చద్దన్నమైనా తినకుండా చేలోకి పోయేవారు పల్లెల్లో చాలామందే ఉన్నారు. 11 గంటల వేళకు ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, కళ్లు తిరగడం. ఎండదెబ్బ అనుకుని గట్టున పడుకోబెడతారు. రక్తంలో చక్కెర మరీ పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది.

షుగరు మాత్రలన్నీ ఒకే పని చేయవు. ఎక్కువమందికి రాసే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం మీద పనిచేస్తుంది. మనం తినకపోయినా కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. మధుమేహం ఉన్నవారిలో అవసరానికి మించి వదులుతుంది. మెట్‌ఫార్మిన్ దాన్ని తగ్గిస్తుంది. ఈ మాత్ర ఒక్కటే వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. పరగడుపున వేసుకుంటే కొందరికి కడుపులో తిప్పుతుంది, అంతే.

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ దారి వేరు. ఇవి క్లోమగ్రంథిని తట్టిలేపి ఇన్సులిన్ ఊరేలా చేస్తాయి. ఆ ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను కండల్లోకి పంపుతుంది. మనిషి తిన్నాడా, పస్తున్నాడా అన్నది ఈ మాత్రకు పట్టదు. పైగా పలుగు, పార పట్టిన రోజున కండలు కూడా చక్కెరను లాగేస్తాయి.

అసలు ఈ జాతి మందుల గుణం బయటపడిందే అలా. 1942లో ఫ్రాన్సులోని మాంపెల్లియేలో డాక్టర్ మార్సెల్ జాన్‌బాన్ టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇచ్చారు. కొందరికి చక్కెర పడిపోయి స్పృహ తప్పింది. ఆ ఆచూకీ పట్టుకునే తర్వాత ఈ మాత్రలు తయారయ్యాయి.

పక్కింటివారికి పనిచేసిందని వారి మాత్రే తెచ్చుకునేవారున్నారు. రెండూ తెల్లగా, గుండ్రంగానే ఉండవచ్చు. పని మాత్రం వేరు. ‘ఇది వేసుకుని తినకపోతే ఏమవుతుంది?’ అని మందు పేరు చూపించి డాక్టరునే అడగాలి. ఏకాదశి అయినా, రంజాన్ అయినా ఉపవాసానికి ముందే మోతాదు సంగతి మాట్లాడుకోవాలి. భయపడి మాత్ర మానేయడం మార్గం కాదు. మాత్ర వేళ తప్పనివారు అన్నం వేళ కూడా తప్పకూడదు. ఇన్సులిన్ సూది వాడేవారికీ ఇదే జాగ్రత్త.

వణుకు మొదలైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంటకు తగ్గకపోతే మరోసారి ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చాలి. తేరుకున్నవారిని కూడా డాక్టరుకు చూపించడం మంచిది. ఈ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది గనుక సాయంత్రం చక్కెర మళ్లీ పడిపోవచ్చు. ఆ రాత్రి ఆ మనిషిని ఒంటరిగా చేను కావలికి పంపవద్దు.