కళ్లు బాగున్నా కదలిక కనబడకపోతే

మా సంఘం సభ్యురాలు, డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు పక్షవాతం నుంచి తేరుకున్నారు. ఆ తరువాత ఆవిడ కాఫీ పోస్తే టంబ్లరు నిండి డవరాలోకి పొర్లిపోయేది. పీళమేడులో అవినాశి రోడ్డు దాటాలంటే భయపడేవారు. దూరాన ఉన్న బస్సు ఉన్నట్టుండి ఎదుటే నిలబడిందనేవారు. కంటి పరీక్షలో చూపు బాగానే ఉందన్నారు. ఇంట్లోవాళ్లు పరాకు అన్నారు. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకున్నాము.

తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము. కన్ను పంపింది ముందు తల వెనుక భాగంలోని మెదడుకు చేరుతుంది. అక్కడి నుంచి రంగుకు, ఆకారానికి, కదలికకు వేరువేరు చోట్లకు వెళ్తుంది. కదలికను పట్టే ముఖ్యమైన చోటుకు వి5 అని పేరు. అది మెదడులో రెండు పక్కలా, వెనుక వైపుగా ఉంటుంది. కోవై కుట్రాలం వెళ్లినప్పుడు జలపాతాన్ని ఒక నిమిషం అలాగే చూసి, పక్కనున్న బండను చూడండి. బండ పైకి పాకుతున్నట్టుంటుంది. కిందికి జారేదాన్ని చూసి చూసి ఆ కణాలు అలసిపోవడమే కారణం.

1983లో జర్మనీ వైద్య పరిశోధకుడు జోసెఫ్ జీల్, ఆయన తోటివారు ఒక మహిళ గురించి రాశారు. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టి, రెండు పక్కలా ఆ ప్రాంతం దెబ్బతింది. రంగులు, వస్తువులు గుర్తుపట్టేది. కానీ కప్పులో పోసే టీ గడ్డకట్టిన మంచులా కనబడేది, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. గదిలో ఇక్కడున్న మనిషి మరుక్షణం అక్కడ ఉండేవాడు, మధ్యలో నడక కనబడేది కాదు. క్రమంగా, శబ్దం పెరగడాన్ని బట్టి బండి ఎంత దగ్గరికి వచ్చిందో అంచనా వేయడం నేర్చుకుంది.

దీనికి తలకిందులైన సంగతీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనుక గాయపడిన సైనికులను పరీక్షించిన జార్జ్ రిడాక్, 1917లో ఒక విచిత్రం రాశారు. చూపు పోయిన పక్కన నిలిచి ఉన్న వస్తువు కనబడకపోయినా, కదిలేది కొందరికి తెలిసేదట!

మా సభ్యురాలిదీ ఇదే జబ్బని మేము అనము. పూర్తిగా కదలికే కనబడకపోవడం చాలా అరుదు, తేల్చవలసింది డాక్టర్లు. కంటి కష్టమంటే మనకు గుర్తొచ్చేది, డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మధురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి. అక్కడ కంటి నరాల విభాగమూ ఉంది. పక్షవాతం గానీ తలకు దెబ్బ గానీ తగిలిన తరువాత ఇలాంటి తడబాటు కనిపిస్తే, కళ్లద్దాలు మార్చి ఊరుకోకండి. అలాంటి విభాగానికో, నరాల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లి, ఏమేం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఆవిడ ఇప్పుడు గరిటెతో కొలిచి కాఫీ పోస్తున్నారు. రోడ్డు మాత్రం మనవడి చెయ్యి పట్టుకునే దాటుతారు.