విప్పగలిగే మూత: సిలిండర్ హెడ్డు కథ

కారు ఇంజిన్‌లో అన్నిటికంటే ఎక్కువ కష్టపడే భాగం ఏదంటే చాలామంది పిస్టన్ పేరు చెబుతారు. నా ఓటు మాత్రం సిలిండర్ హెడ్డుకే. సిలిండర్లుండే బ్లాకు మీద బోల్టులతో బిగించి ఉండే ఈ మూతలోనే పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చే దారి, పొగ బయటికి పోయే దారి, వాటిని తెరిచి మూసే వాల్వులు, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు, మంట వేడిని మోసుకుపోయే నీటి కాలువలు అన్నీ ఇమిడి ఉంటాయి. ఒక పక్క నుంచి చల్లగాలి వస్తూ ఉంటుంది. దానికి వేలెడు దూరంలో ఎగ్జాస్ట్ వాల్వు ఏడెనిమిది వందల డిగ్రీల వేడిలో కాలుతూ ఉంటుంది. 70 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న సిలిండర్‌లో పీడనం 50 బార్లకు చేరిందంటే, మూతను పైకి నెట్టే బలం దాదాపు రెండు టన్నులు. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఆ దెబ్బ ప్రతి సిలిండర్‌లోనూ సెకనుకు 25 సార్లు పడుతుంది.

తొలినాటి ఇంజిన్లలో చాలావాటికి అసలు విడి మూతే లేదు. సిలిండర్‌నీ దాని పైకప్పునీ ఒకే పోతలో పోసేవారు. అతుకు లేకపోతే కారే భయం లేదు కదా అన్నది ఆనాటి ఆలోచన. అది తెలివితక్కువ ఆలోచన కాదు. రెండు టన్నుల దెబ్బను ఆపుతూ, ఒక పక్క నిప్పునీ మరో పక్క నీటినీ కలవనీయకుండా నిలబడే అతుకు వెయ్యడం ఆ రోజుల్లో నిజంగానే కష్టం. కానీ ఆ ధీమాకు మూల్యం ఉంది. అప్పటి ఇంధనానికి సిలిండర్ లోపల మసి త్వరగా పేరుకునేది. వాల్వుల పైన ఉండే మరల బిరడాలు తీసి, ఆ చిన్న కంత లోంచే గీకాలి. పిస్టన్ దాకా వెళ్లాలంటే సిలిండర్ మొత్తాన్నీ పైకి లేపాల్సిందే.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఈ పద్ధతిని మార్చింది. నాలుగు సిలిండర్లనూ ఒకే దిమ్మగా పోసి, పైన విడిగా ఒక మూత పెట్టి బోల్టులతో బిగించారు. ఇంజిన్ పెద్దగా తెలియని రైతు కూడా పానా పట్టుకుని మూత తీసి, మసి గీకి, వాల్వులు నూరుకుని, సాయంత్రానికి బండి ఎక్కగలిగాడు. 1927 వరకు అలాంటి కార్లు కోటిన్నర తయారయ్యాయి. కారు సామాన్యుడి చేతికి రావడానికి అసెంబ్లీ లైను కారణమని అందరూ అంటారు. వచ్చిన కారు అతని దగ్గర నిలవడానికి ఈ విప్పగలిగే మూత కూడా కారణమని నేనంటాను.

అయితే మోడల్ టి హెడ్డు వట్టి మూతే. వాల్వులు పక్కన, బ్లాకులో ఉండేవి. ఆ మూత లోపలి ఆకారానికి కూడా విలువ ఉందని చూపించినవాడు ఇంగ్లండ్ ఇంజినీరు హ్యారీ రికార్డో. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ట్యాంకులకు ఇంజిన్ గీసింది ఆయనే. లోపలి గాలి ఎంత బాగా సుడి తిరిగితే మంట అంత త్వరగా పాకుతుందని ఆయన గమనించాడు. యుద్ధం ముగిసిన కాలంలో హెడ్డు పైకప్పును పిస్టన్ మీదికి బాగా దించి, సన్నని సందు మాత్రమే వదిలాడు. పిస్టన్ పైకి వచ్చేసరికి ఆ సందులోని గాలి ఒక్కసారిగా పక్కకు చిమ్మి సుడి తిరుగుతుంది. బ్లాకు అదే, వాల్వులు అవే. మూత లోపలి గుంట మారినందుకే ఇంజిన్ బలం పెరిగింది.

మనకు బాగా దగ్గరైన ఉదాహరణ అంబాసిడర్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఈ బండికి మొదట పక్క వాల్వుల ఇంజిన్ ఉండేది. 1959లో వాల్వులను హెడ్డులోకి మార్చిన 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్ వచ్చింది. దాని దహన గది ఆకారం హ్యారీ వెస్లేక్ అనే మరో ఆంగ్లేయుడి ఆలోచన. గాలి ఏ దారిలో ఎంత సాఫీగా పారుతుందో కొలిచి చూడటమే ఆయన వృత్తి. ఆ గదిని పై నుంచి చూస్తే హృదయాకారంలో ఉంటుంది. తాలూకా ఆఫీసుల ముందు, పెళ్లి ఊరేగింపుల్లో మనం చూసిన అంబాసిడర్లలో ఎన్నో ఆ గుంటల బలం మీదే నడిచాయి.

ఇక హెడ్డు దించే పనికి వద్దాం. హెడ్డు ఊరికే దించరు. నీళ్లు తరిగిపోతుంటాయి, బయట ఎక్కడా కారిన జాడ ఉండదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు లేస్తాయి. ఆయిల్ గేజు పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. వీటిలో రెండు కలిశాయంటే హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందనో, హెడ్డు వంగిందనో, పగిలిందనో అనుమానించాలి.

పాత మేస్త్రీలు కుర్రాళ్లకు మొదట నేర్పే మాట ఒకటుంది: "వేడి మీద హెడ్డు విప్పకురా!" దాని వెనక గట్టి భౌతికశాస్త్రం ఉంది. వేడెక్కిన అల్యూమినియం హెడ్డు వ్యాకోచించి ఉంటుంది. బోల్టుల బిగువు ఒక్కసారిగా తొలగిస్తే అది ఆ వంకరలోనే చల్లారుతుంది. అందుకే ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కూలెంట్ దించి, బయటి చివరల బోల్టుల నుంచి లోపలికి వస్తూ, ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెంగా వదులు చేస్తారు. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, నడిమి నుంచి చివరలకు వెళతారు. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ హెడ్డు పైనే ఉన్న ఇంజిన్ అయితే టైమింగ్ బెల్టు తీసేముందు గుర్తులు సరిచూసుకోవాలి. ఆ గుర్తులు తప్పితే, చాలా ఇంజిన్లలో పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది.

దించిన హెడ్డును బల్ల మీద బోర్లించి, అడుగు తలం శుభ్రం చేస్తారు. అల్యూమినియం మెత్తన కాబట్టి ఇనప గీకుడు పుల్ల వాడకూడదు. ఆ తలం మీద నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, దాని కింద ఫీలర్ గేజు రేకు దూర్చి చూస్తారు. చాలా చిన్న కార్ల హెడ్డుకు అనుమతించే వంకర 0.05 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందం కూడా సాధారణంగా ఇంతకంటే ఎక్కువే. ఇంత సూక్ష్మమైన లెక్క ఎందుకంటే, చాలా ఇంజిన్లలో బ్లాకు పోత ఇనుమైతే, పైన హెడ్డు అల్యూమినియం. ఒకే వేడికి ఇనుము కంటే అల్యూమినియం రెట్టింపు వ్యాకోచిస్తుంది. 400 మిల్లీమీటర్ల పొడవు హెడ్డు 80 డిగ్రీలు వేడెక్కితే ఇనప బ్లాకు కంటే దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఎక్కువ సాగాలని చూస్తుంది. బోల్టులు సాగనివ్వవు. రోజూ బండి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ ఈ పెనుగులాట గ్యాస్కెట్ మీదే జరుగుతుంది. ఒకప్పటి రాగి, ఆస్‌బెస్టాస్ గ్యాస్కెట్ల స్థానంలో పలుచని ఉక్కు రేకుల పొరలతో చేసినవి రావడానికి ఈ పెనుగులాట కూడా ఒక కారణం.

పగుళ్లు కంటికి దొరకవు. ఎక్కువగా వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే రెండు సీట్ల మధ్య ఉండే సన్నని గట్టు మీదే వస్తాయి. ఎర్రరంగు ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, పైన తెల్లపొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత పైకి తేలుతుంది. ఇనప హెడ్డయితే అయస్కాంతంతో, ఇనప రజనుతో పట్టుకోవచ్చు. అన్నిటికంటే నమ్మకమైనది ప్రెషర్ పరీక్ష: నీటి దారులన్నీ మూసి, లోపలికి గాలి కొట్టి, హెడ్డును వేడినీళ్ల తొట్టిలో ముంచి బుడగ కోసం చూడటం.

తర్వాత వాల్వుల వంతు. స్ప్రింగు నొక్కి, తాళపు ముక్కలు తీసి, ఒక్కో వాల్వునూ బయటికి లాగుతారు. ఏది ఏ చోటుదో కలవకుండా వరసగా పెట్టుకోవాలి. వాల్వు కాడ జారే గొట్టం, అంటే గైడులో, ఆ కాడ అటూ ఇటూ ఎక్కువ ఊగితే గైడు మార్చాలి. వాల్వు సీటు మామూలుగా 45 డిగ్రీల వాలులో ఉంటుంది. వాల్వు అంచుకు గ్రైండింగ్ పేస్టు పూసి, రబ్బరు చప్పరింపు గిన్నె ఉన్న కర్రతో పట్టుకుని, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు ముందుకూ వెనక్కూ తిప్పుతారు. మొదట గరగరమని మోత వస్తుంది. నూరే కొద్దీ ఆ మోత సన్నగిల్లి మెత్తటి జారుడు శబ్దం అవుతుంది. తుడిచి చూస్తే సీటు చుట్టూ తెగని బూడిదరంగు వలయం కనబడాలి. ఆ వలయం మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర వెడల్పుంటే చాలు. మరీ సన్నమైతే వాల్వు కాలుతుంది, ఎందుకంటే దాని వేడిలో ఎక్కువ భాగం మూసుకున్న క్షణంలో సీటు ద్వారానే నీటికి చేరాలి. మరీ వెడల్పైతే ఒత్తిడి పలచబడి, మసి చేరి కారుతుంది. పని అయ్యాక వాల్వులు బిగించి, హెడ్డు తిరగేసి, గుంటల్లో పెట్రోలు పోసి పక్కన పెడతారు. కింద దారిలో తడి కనబడకపోతే పని కుదిరినట్టు.

ఈ సీట్ల కథలో మన దేశపు తేదీ కూడా ఒకటుంది. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు రసాయనం కలిపితే ఇంజిన్ కొట్టుకోదని కనిపెట్టాడు. ఆ సీసం మనుషులకు, ముఖ్యంగా పిల్లల మెదడుకు, విషమైంది. కానీ హెడ్డుకు మాత్రం మేలు చేసేది. ఇనప సీటు మీద పలచని పొరలా అంటుకుని, వాల్వు దెబ్బకు మెత్తలా ఉండేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. గట్టి సీట్లు లేని పాత ఇనప హెడ్డుల్లో ఆ పొర పోయాక, కాలిన వాల్వు సీటుకు సూక్ష్మంగా అతుక్కుని, విడివడేటప్పుడు ఇనుమును పీక్కుంటూ లోపలికి దిగబడుతుంది. దీనికి మందు గట్టి మిశ్రలోహపు సీటు రింగు. హెడ్డులో గుంట చెక్కి, హెడ్డును వేడిచేసి, రింగును బాగా చల్లార్చి అందులో దించుతారు. రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేసరికి రింగు పట్టుకుని ఇక కదలదు. గ్యాస్‌తో నడిచే బండ్లకూ ఇదే వైద్యం, ఎందుకంటే వాటి సీట్లు కూడా త్వరగా అరుగుతాయి.

వంగిన హెడ్డును లేత్ షాపులో ఫేసింగ్ చేయిస్తారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇది నిత్యం జరిగే పని. కానీ గీసిన ప్రతి పొరకూ లెక్క ఉంది. గుంట లోతు తగ్గితే కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, కామ్‌షాఫ్ట్ హెడ్డు పైనే ఉంటే అది కిందికి దిగి టైమింగ్ కాస్త జరుగుతుంది. కంపెనీ పెట్టిన హద్దు దాటితే హెడ్డును పారేయాల్సిందే. హద్దు లోపల ఉంటే పారేయడం నా దృష్టిలో వ్యర్థం: ఓ రోజు శ్రమతో మళ్లీ ఏళ్ల తరబడి నడిచే లోహాన్ని కరిగించడానికి పంపినట్టే. బిగించేటప్పుడు మాత్రం పొదుపు వద్దు. కొత్త ఇంజిన్లలో చాలావాటికి హెడ్డు బోల్టులు ఒక్కసారి వాడకానికే. వాటిని కొంత బలంతో బిగించి, ఆపైన 90 డిగ్రీల చొప్పున తిప్పి, శాశ్వతంగా సాగేదాకా లాగుతారు. సాగిన బోల్టు రెండోసారి అంత బిగువు ఇవ్వదు. గ్యాస్కెట్టూ అంతే. టార్క్ రెంచి లేకుండా చేతి అంచనాతో బిగించే చోట హెడ్డు పని ఇవ్వకండి.

బండి నడుపుతుండగా ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి వెళ్తే, పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఇంకో రెండు కిలోమీటర్లేగా అని వెళ్లకండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకండి, దానిలో చన్నీళ్లు పోయకండి. హెడ్డు దించాల్సి వస్తే, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వంకర ఎంతుందో మీ కళ్లముందు కొలిచి చూపమని అడగండి, ఆ అంకెను బిల్లు మీద రాయించుకోండి.