కంట్రోలు సంచీ

మా ఇంట్లో మేకుకు ఒక గోనె సంచీ వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్ళాలంటే ఒకప్పుడు నాకు తల కొట్టేసినట్టుండేది.

1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నేనొక కొట్లో గుమాస్తాను. డిపో ముందు బారులు తీరిన జనాన్ని చూసి, "ఇలా ఇస్తూ పోతే ఇక పని చేసేదెవరండీ?" అని అరుగు మీద కూర్చుని వాదించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తరవాత మాకూ తెల్లకార్డు వచ్చింది. అది ఆరోగ్యశ్రీ కోసమే గాని బియ్యానికి కాదని పెట్టె అడుగున దాచాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మా అబ్బాయి పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది, జీతం ఆగిపోయింది. నాకా, పింఛను లేదు. చీటీ పాడిన డబ్బుతో కోడలు రెండు నెలలు నెట్టుకొచ్చింది. ఒక పొద్దున బియ్యం డబ్బాలో సోల అడుగు గీరిన చప్పుడు వినిపించింది. కోడలు ఏమీ అనలేదు. నేనే పెట్టె తెరిచి కార్డు తీశాను.

డిపో ముందు సున్నంతో గీసిన గడిలో నిలబడ్డాను. ముఖాన గుడ్డ ఉంది గదా, ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. చెట్టు నీడలో ఉన్న మా పాత పనిమనిషి, "ఎండలో ఏం నిలబడతారు బాబుగారూ, నా చోట్లోకి రండి" అని తాను ఎండలోకి జరిగింది. ఆ వరసలో సోమరి ఒక్కడూ నాకు కనిపించలేదు. తాపీమేస్త్రీ, ఆటో కుర్రాడు, ఇస్త్రీబండి అతను - అందరూ పని దొరికితే చాలుననేవాళ్ళే.

అప్పుడు కేంద్రం మనిషికి నెలకు 5 కిలోలు అదనంగా, ఉచితంగా ఇచ్చింది. నలుగురికి 20 కిలోలు. ముతక బియ్యమే గాని, గంజి వార్చి వండితే అన్నం బాగానే ఉంది.

తింటూ ఆలోచించాను. ఈ గింజలు రైతు దగ్గర మద్దతు ధరకు కొన్నవి. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ గోదాముల్లో నిలవ చేసేది చెడ్డరోజుల కోసం కూడా కదా! మన తాతలు గాదెలు కట్టుకున్నదీ అందుకే. గాదెలో గింజ తీసుకుంటే బిచ్చమెలా అవుతుంది? 2013 నాటి ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కుగానే రాసింది.

2021లో బడి తెరిచాక అబ్బాయికి జీతం వచ్చింది. "ఇక ఈ సంచీ అవతల పారేద్దామా?" అన్నాను.

"వాన వెలిసిందని గొడుగు పారేస్తామా మామయ్యగారూ?" అంటూ కోడలు దాన్ని దులిపి మేకుకు తగిలించింది.

ఇప్పుడూ అరుగు మీద ఎవరో ఒకరు ఆ పాత వాదన ఎత్తుతూనే ఉంటారు. నేను వాదించను. "మీ ఇంట్లో సోల ఎప్పుడైనా డబ్బా అడుగు గీరిందా అండీ?" అని మాత్రం అడుగుతాను.